కాకెంగిలి

కళ నాతో ఒప్పుకున్న రోజున నాకు మొదటిసారి భయం వేసింది.

ఈ మాట మా 'ఆదివారం చదువరుల్లో' ఎవరితో అన్నా నవ్వుతారు. నేనూ సూర్యకళా ఒక పుస్తకం గురించి ఒకే మాట అనగా కాకినాడలో విన్నవాళ్ళు లేరు. నాకు నచ్చిన నవల ఆమెకు చప్పగా ఉండేది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్న కథ నాకు ఆవలింతలు తెప్పించేది. అయినా కొత్త పుస్తకం తెరవగానే నాకు ముందు చెప్పాలనిపించేది ఆమెకే. "సగం దాటావా? దాటాక ఫోన్ చెయ్యి, నీ పని చెబుతాను" అని ఒకరినొకరం బెదిరించుకునేవాళ్ళం.

జగన్నాథపురం వంతెన దిగగానే కళా వాళ్ళ మందుల షాపు. కౌంటరు కింద సొరుగులో ఎప్పుడూ ఒక నవల ఉండేది. గిరాకీ వస్తే మాత్రల అట్టను అందులో గుర్తుగా పెట్టి లేచేది. షాపు మీది గదిలో నెలకోసారి మేం కూడేవాళ్ళం. మాలో పెద్దవారు రహమాన్ మాస్టారు, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

జనవరి మొదటి ఆదివారం మాకు పండగ. ఆ ఏడాది ఏమేం చదవబోతున్నామో ఒక్కొక్కరం చెప్పుకోవాలి. ఆ తర్వాత శిక్షలు. ఎవరైనా సరే ఇంకొకరికి, వాళ్ళు చచ్చినా ముట్టుకోని పుస్తకం ఒకటి శిక్షగా వెయ్యాలి. శిక్ష పడ్డవాళ్ళు ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివి తీరాలి. చదివాక లేచి నిలబడి పావుగంట సేపు దాని గురించి నోటికి వచ్చిందల్లా అనవచ్చు, మధ్యలో ఎవరూ అడ్డు చెప్పకూడదు. "మనిషికి ఏది గిట్టదో తెలియాలంటే ఆ మనిషి ఎంత తెలిసుండాలమ్మా!" అని మాస్టారు మురిసిపోయేవారు. నాకు శిక్ష వేసే హక్కు ఎప్పుడూ కళదే. ఇంకెవరైనా వెయ్యబోతే ఊరుకునేది కాదు.

మా ఇద్దరి మధ్యా అన్నిటికన్నా పెద్ద తగువు 'ఉప్పు కొఠారు' అనే పాత నవల. ఉప్పు మళ్ళలో కూలికి పోయే నూకాలు కథ. చివరి అధ్యాయంలో ఆమె ఊరొదిలి పోవడానికి టిక్కెట్టు కొనుక్కుంటుంది, బస్సు కూడా వస్తుంది. ఎక్కదు. టిక్కెట్టు చింపేసి తిరిగి మళ్ళలోకి నడిచిపోతుంది. రాసినాయన చివర్లో నీరుగారిపోయాడని నేను. ఆ పుస్తకం మొత్తానికీ నిజమైన పేజీ అదొక్కటేనని కళ. "ఆ ఉప్పు ఆవిడదే. ఆవిడెందుకెళ్ళాలీ? వెళ్ళాల్సినోళ్ళు వేరే ఉన్నారు" అనేది. ఆ ఒక్క పేజీ మీద మేం ఇరవై ఏళ్ళు కొట్టుకున్నాం.

ఒక వానాకాలం పొద్దున షాపులో కూర్చుని ఉండగానే కళ మెదడులో చిన్న రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. చెయ్యీ కాలూ బాగున్నాయి, మాట బాగుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక భర్త వీర్రాజు గారు కాగితం ఇచ్చి షాపుకి కావలసిన మందుల పేర్లు రాయమంటే గుండ్రటి దస్తూరీతో చకచకా రాసింది. అదే కాగితం కాసేపాగి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "ఇదేం భాషండీ?" అంది.

రాయగలదు, చదవలేదు. ఇలాంటివాళ్ళను నా వృత్తిలో నేను చూశాను. నేను పనిచేసేది మెదడు మీదే. కానీ వాళ్ళెవరూ కళ కారు.

వినడం ఉంది కదా అనుకున్నాం. అదీ కుదరలేదు. నాలుగు వాక్యాలు వినేసరికి మొదటిది జారిపోయేది, అర పేజీ దాటితే తలపోటు. ఫోన్లో చదివి వినిపించే గొంతునైతే ఒక్క పూటే భరించింది. "కరెంటు బిల్లు చదివినట్టు చదువుతోందే ఇది. చచ్చిపోయినా ఏడవదు, పెళ్ళయినా నవ్వదు" అని పక్కన పడేసింది. ఆ ఏడాదికి చదవాలనుకున్న పుస్తకాలు మంచం పక్కన దొంతరగా ఉండేవి. వాటి మీద దుమ్ము తుడవడం మాత్రం మానలేదు.

మా ప్రయోగశాలలో అప్పటికి నేనూ, నా తోటి పరిశోధకుడు ప్రకాశూ ఒక తలపట్టీ మీద పనిచేస్తున్నాం. ఒకరు పట్టీ కట్టుకుని చదువుతారు. అక్షరం అర్థంగా మారినప్పుడు ఆ మెదడులో పుట్టే కదలికను పట్టీ దాచుకుంటుంది. రెండో పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకున్న మనిషి తలలో అదే కదలికను మళ్ళీ పుట్టిస్తుంది. రెండో మనిషికి అక్షరాలతో పనుండదు.

మొదటి పరీక్షకు ప్రకాశ్ ఒక గదిలో కూర్చుని వంటల పుస్తకంలో పులస పులుసు పేజీ చదివాడు. పక్కగదిలో రెండో పట్టీ కట్టుకున్న నాకు కొత్త చింతపండు వాసన తగిలింది. మట్టి దాక కనిపించింది, పులుసులో బెండకాయలు తేలాయి. ఎగిరి గంతేద్దామనుకున్నాను. అంతలోనే కడుపులో తిప్పింది.

"ఏంటి ప్రకాశ్, వికారంగా ఉంది?"

"సారీ మేడం. నాకు చిన్నప్పట్నుంచీ చేపంటే పడదండి. వాసనొస్తే వీధిలోకి వెళ్ళి నిలబడతాను."

గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నేను ఆ సాయంత్రం మా ఇంట్లో చేపల కూర గిన్నె పక్కకు తోసేశాను. రెండు రోజులకు మళ్ళీ మామూలైపోయింది. కాసేపు ఉండి పోయే ప్రభావం అని రాసుకుని ముందుకు వెళ్ళిపోయాం. అది ఒక్క పేజీ. నవలంటే ఎన్ని పేజీలో, ఎన్ని గంటల పాటు ఒక మనిషి ఇష్టాయిష్టాలు అందులో కలిసిపోతాయో మాకు అప్పుడు తట్టలేదు. తట్టినా ఆగేదాన్ని కాదేమో. మంచం పక్కన ఆ దొంతర నా కళ్ళ ముందే ఉండేది.

అనుమతులన్నీ వచ్చాక కళను ప్రయోగశాలకు తీసుకొచ్చాం. కుర్చీలో కూర్చోబెడుతూ ముందే చెప్పాను. "ఇది నేను చదివిన చదువే నీకు వస్తుంది. ఒక రకంగా ఎంగిలి."

"ఎంగిలైతే ఏంటే? బళ్ళో జామకాయ కాకెంగిలి చేసుకుని తిన్లేదూ మనం? గౌను అంచు కప్పి కొరికితే ఎంగిలంటదనుకునేవాళ్ళం."

"ఇక్కడ మధ్యలో గుడ్డ లేదు కళా."

"అయితే ఉత్త ఎంగిలే పెట్టు. ఆకలేస్తోందే నాకు" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆమె దొంతరలో పైనున్న నవలను నేను పట్టీ కట్టుకుని రెండు రోజులు కూర్చుని చదివాను. అదంతా ఆమెకు ఒక్క సాయంత్రంలో అందింది. కళ్ళు తెరుస్తూనే అడిగింది.

"ఆ పిల్ల మెట్ల మీద కూర్చున్నప్పుడు వాన పడుతోంది కదే?"

"అవును."

"చెప్పులు లోపలుండిపోయాయి."

"అవును."

ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఏడ్చాం. తలుపు దగ్గర టిఫిన్ క్యారేజీతో నిలబడిన వీర్రాజు గారు గోడ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఆయ్, మరి అన్నం తింటుందేమో అడగండి హైమగారండీ. పొద్దున్నుంచీ ఏం తినలేదు" అన్నారు.

ఆ తర్వాతి కొన్ని నెలలంత సంతోషం నా బతుకులో ఎప్పుడూ లేదు. నేను చదవడం, కళకు ఇవ్వడం. షాపు కౌంటరు దగ్గరకు మళ్ళీ వచ్చి కూర్చుంది. మందుల పేర్లు వీర్రాజు గారు చదివితే, రంగునీ చోటునీ బట్టి డబ్బాలు ఈమె అందించేది. ఆదివారం గదిలోకి మళ్ళీ వచ్చింది, మాట్లాడింది. నేను బాగుందన్నది బాగుందనేది. నాకు విసుగు పుట్టించింది విసుగనేది. జబ్బు పడి లేచింది కదా, మెత్తబడింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆమె పుట్టినరోజుకు నాకు తోచిన అన్నిటికన్నా మంచి బహుమతి ఇచ్చాను. 'ఉప్పు కొఠారు' మళ్ళీ చదివి ఇచ్చాను. తనకు ప్రాణమైన పుస్తకం తనకు తిరిగి దొరకాలని. చదువుతున్నప్పుడు చివరి అధ్యాయంలో ఎప్పటిలాగే నాకు చిరాకు వేసింది. వెయ్యకుండా ఆపుకోవడం ఎవరి వల్ల అవుతుంది?

ఆ ఆదివారం గదిలో మాస్టారు అడిగారు. "ఏమ్మా సూర్యకళా, నీ నూకాలు ఎలా ఉంది?"

"బానే ఉంది మాస్టారూ. కానీ బస్సెక్కాల్సిందండీ. రాసినాయన చివర్లో నీరుగారిపోయాడు."

గదంతా గొల్లుమంది. "ఇన్నాళ్ళకి హైమ గెలిచింది!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. కళ కూడా నవ్వింది. నేను టీ కప్పు కింద పెట్టేశాను. అవి నా మాటలు. విరుపుతో సహా నావే.

మర్నాడు ప్రయోగశాలలో ప్రకాశ్‌తో చెప్పాను. అతను వెంటనే మిగిలిన వాళ్ళను పిలిపించాడు. పట్టీ వాడుతున్నవాళ్ళు ఇంకా కొందరున్నారు, అందరూ చదువు పోగొట్టుకున్నవాళ్ళే. ఒకావిడకు రోజూ కొడుకు పేపరు చదివి ఇస్తాడు. ఆవిడ ఇప్పుడు కొడుకు పార్టీ. పాత రోజుల్లో అదే పార్టీని తిట్టిపోసేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఇంకొకాయనకు అసలు విషయమంతా విప్పి చెబితే చేతులు జోడించారు. "ఎవరి ఆలోచనైతే ఏంటమ్మా? పొద్దున్నే కాఫీతో పేపరు చదివినట్టుంటోంది. దాన్ని మాత్రం తియ్యకండి" అన్నారు. కళకు తప్ప అందరికీ చెప్పాం. ఎక్కువమంది పట్టీ ఉంచుకుంటామన్నారు.

"మధ్యలో ఏదైనా వడపోత పెట్టలేమా ప్రకాశ్? అర్థం మాత్రం అవతలికి చేరి, ఇష్టం ఆగిపోయేలా?"

"ప్రయత్నించాను మేడం. ఇష్టాన్ని ఆపితే అర్థం కూడా పోతోంది. మీరు వానని చదివినప్పుడు మీ వానే వస్తోందండి. వట్టి వాన అంటూ ఎక్కడా లేదు."

రెండు రోజుల్లో పోయిన నా చేపల వికారం లాగా కళకూ ఇది పోతుందని కాచుకున్నాను. పట్టీ పాడైందని అబద్ధం చెప్పి నెల రోజులు ఆపాను. పోలేదు.

జనవరి వచ్చింది. శిక్షలు వేస్తున్నారు. కళ వంతు. అందరం ఆమె వైపు చూస్తున్నాం. ఆమె నుదురు ముడివేసింది. దొంతరలోని పేర్లన్నీ లోపల్లోపల తిరగేస్తోందని నాకు తెలుసు.

"హైమకి... హైమకి ఏమేద్దాం..." అంది. నా వైపు తిరిగింది. "నాకేమీ తోచట్లేదే. నీకు గిట్టనివన్నీ నాకూ గిట్టవు. అలాంటివి నేనెందుకు గుర్తు పెట్టుకుంటాను?"

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నాకు అప్పుడు కళ మీద బెంగ పుట్టింది. ఎదురుగా కూర్చున్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. నా పక్కనే కూర్చుని నా మాటలే మాట్లాడుతోంది. నాతో పోట్లాడే మనిషి మాత్రం ఎక్కడా లేదు.

అందరూ వెళ్ళాక మేడ మీదే కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఒక్కటీ దాచలేదు. పట్టీ పాడవలేదని కూడా చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"అయితే ఇప్పుడు తీసేసుకుంటావా?"

"నువ్వేమంటే అది."

"నువ్వు రోజూ చదువుకుంటావు. నీకేం? నేను షాపులో అక్షరాల మధ్య కూర్చుంటాను హైమా. అన్ని డబ్బాల మీదా అక్షరాలే, ఒక్కటీ నాతో మాట్లాడదు. నా అభిప్రాయం పోతే పోనీ. ఎవరిక్కావాలది?"

"నాక్కావాలి" అన్నాను. "ఇంకెవరికీ అక్కర్లేదేమో. నాక్కావాలే."

కింద షాపులో వీర్రాజు గారు షట్టరు సగం దించిన చప్పుడైంది.

"సరే, చెప్పు" అంది చివరికి. "ఆ నూకాలు నాకెందుకు నచ్చేదిట?"

ఇరవై ఏళ్ళుగా విని విని తిప్పికొట్టిన వాదన అది. మొదటిసారి ఆమె తరఫున నిలబడి చెప్పాను. ఆ ఉప్పు ఆవిడదే అన్నాను. వెళ్ళాల్సినవాళ్ళు వేరే ఉన్నారన్నాను. ఏ మడిలో ఎప్పుడు గడ్డ కడుతుందో పాదంతో చెప్పగల మనిషి పట్నం వెళ్ళి ఎవరింట్లో అంట్లు తోమాలి అన్నాను. కళ పక్కింటి కబురు విన్నట్టు విన్నది.

"బాగా చెప్పేదాన్నే" అంది మెల్లగా. "కానీ ఏమీ అనిపించట్లేదే."

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా వీపు నిమిరింది. కాసేపటికి, "ఆ జామకాయ" అంది.

"ఏ జామకాయ?"

"గుడ్డ కప్పి కొరికేది. ముక్క చిన్నదే వచ్చేది, పంటికి సరిగ్గా అందేది కాదు. అయినా ఎవరి ముక్క వాళ్ళదే. పోనీ అలా పెట్టు నాకు. అర పేజీ వినగలను కదా, అర పేజీయే పెట్టు. కానీ నీ మొహం నాకు కనపడకూడదు. బాగుందో బాలేదో నీ మొహమే చెప్పేస్తుంది."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం షాపులో గిరాకీ పలచబడ్డాక నేను వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని. ఇద్దరమూ అంతకుముందు చదవని నవల ఒకటి. మా మధ్య తాడు మీద వీర్రాజు గారి తుండుగుడ్డ వేలాడేది. దాని వెనక నేను గొంతులో ఏ భావమూ లేకుండా అర పేజీ చదివేదాన్ని. మర్నాడు ముందు నిన్నటి కథ ఆమె చెప్పాలి, తర్వాత ఇంకో అర పేజీ. కొన్ని రోజులు నిన్నటిది మొత్తం జారిపోయేది, మళ్ళీ అదే చదివేదాన్ని. మాత్రలకొచ్చినవాళ్ళు తుండుగుడ్డ వెనక నుంచి వచ్చే గొంతు విని తెల్లబోయేవారు. "ఆయ్, కథండీ" అనేవారు వీర్రాజు గారు.

"ఎలా ఉంది?" అని నేను అడిగితే, "ఏమోనే, తెలీట్లేదు" అనేది. రోజూ అదే జవాబు. బాగుందనీ అనదు, బాలేదనీ అనదు. నాకైతే ఆ నవల ప్రాణం లేచొచ్చినట్టుండేది. చెప్పుకోవడానికి లేదు. గుడ్డ వెనక పెదవి కొరుక్కుంటూ చదివేదాన్ని.

"మీ ఇద్దరికీ పాపం, ఆ పట్టీతో అయితే ఈపాటికి ఎన్ని పుస్తకాలు అయిపోయేవండి" అన్నాడు ప్రకాశ్ ఒకసారి. నిజమే. ఏడాదిలో మేం ఆ నవలలో సగం కూడా దాటలేదు. కళ పట్టీ అడగలేదు. అడిగితే ఇచ్చేసేదాన్ని. అడుగుతుందేమోనని రోజూ భయపడ్డాను.

మళ్ళీ జనవరి. ఈ ఏడు ఏం చదువుతావని మాస్టారు అడిగితే, "పోయినేడాది మొదలెట్టిందే, మిగతా సగం" అంది కళ. శిక్షల దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఆమె పేరు దాటెయ్యబోయారు.

"నన్ను వదిలేస్తారేంటి? నేను వేస్తాను" అంది. "హైమకి 'ఉప్పు కొఠారు'. ఇరవయ్యేళ్ళు నన్ను దాని మీద విసిగించిందంట కదా. మళ్ళీ చదవమనండి, అదే శిక్ష."

చదివాను. పట్టీ లేకుండా, మా ఇంట్లో, నా కుర్చీలో. నూకాలు బస్టాండులో నిలబడ్డప్పుడు నాకు చిరాకు వస్తుందనే అనుకున్నాను. రాలేదు. పేజీ పొడుగునా పాత కళ గొంతే. ఆ ఉప్పు ఆవిడదే, ఆవిడెందుకెళ్ళాలి అంటూనే ఉంది. నూకాలు తిరిగి మళ్ళలోకి నడిచింది. పగిలిన పాదాల కింద ఉప్పు పటపటమంది. ఇన్నేళ్ళు ఇదా నేను కాదన్నది అనుకున్నాను. వెంటనే ఫోన్ చేసి నువ్వన్నదే నిజం అని చెప్పాలనిపించింది. కానీ చెప్పాల్సిన ఆ మనిషి ఆ నంబరులో లేదు.

తర్వాతి నెల గదిలో నా పావుగంట వచ్చింది. తిడతానని అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను లేచి, "నూకాలు బస్సెక్కకపోవడమే సరి" అన్నాను. అందరూ ముఖాలు చూసుకున్నారు. నేను ఆపలేదు. కళ ఒకప్పుడు అన్నవన్నీ అన్నాను, ఆమె అనని ఒకటి రెండు కూడా కలిపాను. ఇష్టపడి చెప్పాను.

"కాదు."

గుమ్మం పక్క కుర్చీలోంచి వచ్చిందా మాట. చెబుతున్న వాక్యం నా నోట్లోనే ఆగిపోయింది.

"కాదే. ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" కళ లేచి నిలబడింది. "ఆ టిక్కెట్టు ఎవరు కొన్నారు? మొగుడు కొన్నాడా, కొడుకు కొన్నాడా? ఆవిడే కొనుక్కుంది, ఉప్పు మోసిన కూలితో. బతుకంతటికీ ఆవిడ తనకోసం కొనుక్కున్న వస్తువు అదొక్కటే. దాన్ని చింపించేస్తాడా ఆ రాసిన పెద్దమనిషి? నాకు ఒళ్ళు మండిపోతోంది!"

టిక్కెట్టు ఆమె తనకోసం కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు. ఇరవై ఏళ్ళలో ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు. నేను చదివిన చదువులో ఇది లేదు. ఇది నాది కాదు.

మాస్టారు చెయ్యెత్తారు. "సూర్యకళా, పావుగంట అవ్వలేదమ్మా. అడ్డు చెప్పకూడదు."

"చెప్పనివ్వండి మాస్టారూ" అన్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "నా పావుగంట దానికిచ్చేస్తున్నాను. చెప్పనివ్వండి."

నూకాలును ప్రాణంగా చూసుకున్న కళ ఇక రాదు. ఆ కళ ఇప్పుడు ఎక్కడైనా ఉందంటే నాలోనే ఉంది. నేను కూర్చున్నాను. ఎదురుగా నిలబడి సూర్యకళ వేలు చూపిస్తూ నన్ను చెడామడా తిడుతోంది. మధ్యలో ఒకసారి ఆగి, "వింటున్నావా?" అంది.

"వింటున్నాను" అన్నాను. "కానీ నేనొప్పుకోను."